మంద మెచ్చిందే మేలుజాతి!

ఆ కుక్కకు పెడిగ్రీ కాగితం ఉండదు. మెడలో పతకం ఉండదు. కానీ దాని తల్లి ఏ మందకు కాపలా కాసిందో, ఆ తల్లిని కన్నది ఏ ఊరిదో కాపరికి కంఠతా వచ్చు. పని చేసే కుక్కల వంశాన్ని నిలబెట్టేది ఎవరు? పోటీల్లో మార్కులు వేసే న్యాయనిర్ణేతలా, చేలో కంబళి కప్పుకుని పడుకునే కాపరులా? కొత్తచెరువు మెట్టల్లో మొదలై పందికోన దాకా వెళితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రెండో జాము కాపలా

వేరుశనగ పీకేసిన చేను అది. నడుమ వల కంచె కట్టి మందను తోలారు. ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్న గొర్రెలు నెమరేస్తున్నాయి. పక్కనే కాపరి కంబళి కప్పుకుని ఒరిగాడు. మంద అంచున, మట్టిలో చిన్న గుంత చేసుకుని ముడుచుకున్న కుక్క ఉన్నట్టుండి తల ఎత్తుతుంది. మొరగదు. చెవులు నిక్కిస్తుంది. నాలుగడుగులు ముందుకేసి ఆగుతుంది. అప్పుడు అరుస్తుంది... గొంతు మార్చి. ఆ గొంతు కాపరికి తెలుసు. దారిన పోయే మనిషిని చూస్తే ఒక అరుపు, ఊరకుక్క కనిపిస్తే ఇంకో అరుపు, తోడేలు వాసన తగిలితే మరో అరుపు. ఆ మూడోది చెవిన పడిందా, కర్రా టార్చిలైటూ పట్టుకుని లేచి నిలబడతాడు.

కొత్తచెరువు చుట్టుపక్కల కోతలయ్యాక ఏ చేనుకు వెళ్లినా ఇంచుమించు ఇదే దృశ్యం. ధర్మవరం నుంచి పుట్టపర్తి వెళ్లే దారిలో ఉంటుందీ ఊరు. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలోదే. ఊరి పేరులోనే చెరువుంది. పక్కనే చిత్రావతి నీళ్లతో నిండే బుక్కపట్నం చెరువుంది. కానీ అవి నిండేదీ ఎండేదీ వానదేవుడి చేతిలో పని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కురిసే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన ఇక్కడేనని చెప్పుకోవడం పరిపాటి.

వాన మోసం చేస్తే వేరుశనగ పోతుంది. జీవాలు మాత్రం ఎండుగడ్డి పరకలో, తుమ్మకాయలో ఏరుకుని బతుకుతాయి. అందుకే ఈ సీమలో గొర్రెల మందంటే కదిలే బ్యాంకు ఖాతా. పెళ్లి వచ్చినా, ఆస్పత్రి ఖర్చు వచ్చినా, బోరు ఎండిపోయినా ముందుగా అమ్మేది నాలుగు పొట్టేళ్లనే. రాత్రిళ్లు మందను చేలో పడుకోబెడితే ఎరువు దక్కుతుందని రైతులే పిలిచి డబ్బో గింజలో ఇస్తారు. ఆ రాబడి అంతటికీ రాత్రిపూట కాపలా ఒక్క కుక్క! దానికి దక్కే జీతం పొద్దున ఇంత సంగటి ముద్ద, సాయంత్రం మజ్జిగ నీళ్లు.

ఇంగ్లండు పొలాల్లో లాగా ఇక్కడి కుక్క గొర్రెలను తోలదు. తోలడం, మలపడం కాపరి పని. ఈలతో, గొంతుతో, అదిలింపుతో అతనే నడిపిస్తాడు. కుక్క పని మందలో ఒకటిగా కలిసిపోయి, బయటివాడు ఎవరో కనిపెట్టడం. నక్క, తోడేలు, కొండ పక్క ఊళ్లయితే చిరుత, వీటన్నింటికంటే ఎక్కువగా రెండు కాళ్ల దొంగ... ఈ నలుగురినీ గుర్తుపట్టాలి.

ఈతలో ఏది మంచిది?

ఏ పల్లెకు వెళ్లి అడిగినా కుక్కపిల్లను ఎంచే పరీక్షలు నాలుగైనా చెబుతారు. మెడ మీది తోలు పట్టుకుని పైకెత్తితే కుయ్యోమనకూడదు. నోరు తెరిస్తే అంగిలి నల్లగా ఉండాలి. పాలు తాగేటప్పుడు మిగతావాటిని నెట్టి ముందుకు రావాలి. తల్లి దగ్గర్నుంచి దూరంగా వదిలితే తనంతట తానే దారి వెతుక్కుని రావాలి. వీటిలో కొన్నింటికి అర్థముంది, కొన్ని వట్టి నమ్మకాలు. అంగిలి నలుపుకీ ధైర్యానికీ సంబంధం ఉందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

అయితే అనుభవం పండిన కాపరి వీటన్నింటికంటే ముందు అడిగేది వేరే మాట. దీని తల్లి ఎవరి మందలో ఉంది? ఎన్ని వానలు చూసింది? మందలో పిల్ల ఈనుతుంటే దగ్గరకెళ్లి ఇబ్బంది పెట్టిందా, దూరంగా ఉండి కాపలా కాసిందా? గొర్రెపిల్లను ఎప్పుడైనా కరిచిందా? ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది. ఎంత ధైర్యమున్న కుక్కయినా ఒక్కసారి గొర్రె రక్తం రుచి చూసిందంటే దాని పిల్లలను ఎవరూ అడగరు. ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. రాతకోతలు లేని ఎంపిక ఇది. ఏ పుస్తకంలోనూ నమోదు కాదు గానీ, తరం తర్వాత తరం కచ్చితంగా అమలవుతుంది.

పిల్లను తెచ్చాక పెంపకంలోనూ ఓ కిటుకుంది. కళ్లు తెరిచి తూలుతూ నడిచే రోజుల నుంచే దాన్ని మంద పక్కన ఉంచుతారు. గొర్రెల వాసనలో, వాటి అరుపుల మధ్య పెరగాలి. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఎవరితో కలిసి పెరిగితే వారినే తనవాళ్లుగా భావిస్తుందని జంతు ప్రవర్తన మీద పరిశోధనలు చేసినవారు తర్వాత నిరూపించారు. రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ అనే అమెరికన్ దంపతులు 1970ల నుంచి మందలు కాసే కుక్కల మీద పరిశోధించి ఇదే విషయాన్ని వివరంగా రాశారు. కంబళి భుజాన వేసుకున్న కాపరికి ఆ సంగతి తాతల నాడే తెలుసు.

వలస దారులు ఇంకో మేలు చేసేవి. మేత కోసం మందలు ఊళ్లు దాటి వెళ్లినప్పుడు దారిలో మరో మంద కలుస్తుంది. కాపరులు ఒకే పొయ్యి మీద వండుకుంటారు. ఆ మందలోని మంచి కుక్క పిల్లల్లో ఒకటి ఈ మందకు వస్తుంది. అలా కొత్త రక్తం కలిసేది. అన్నాచెల్లెళ్ల సంతానమే మళ్లీ మళ్లీ కలిసి వంశం బలహీనపడే ప్రమాదం తప్పేది.

పట్నం నుంచి వచ్చినవాళ్లు చూసి ముచ్చటపడి ‘ఏ జాతి కుక్క పెద్దాయనా?’ అని అడుగుతుంటారు. కాపరికి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. ‘మందది నాయనా’ అంటాడు. అతనికి తెలిసిన జాతి అదే.

రాయి మీద నిలిచిన ‘కాళి’

పని చేసిన కుక్కకు దక్షిణాది పల్లెలు ఎంత విలువ ఇచ్చేవో చెప్పడానికి ఓ రాతి సాక్ష్యం ఉంది. కొత్తచెరువుకు పొరుగునే ఉన్న కన్నడ నేల మీద, మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన పదో శతాబ్దపు వీరగల్లు అది. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు చోళులతో తక్కోలం దగ్గర యుద్ధం చేశాడు. ఆయన పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు తన అనుచరుడైన మణలేరుడి పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఊళ్లడగలేదు, బంగారమడగలేదు... ‘కాళి’ అనే వేటకుక్కను ఇమ్మన్నాడు మణలేరుడు! ఆ తర్వాత ఒక పెద్ద అడవిపంది మీదికి కాళిని ఉసిగొల్పారు. రెండూ పోరాడి రెండూ చచ్చాయి. కాళి పేరిట గుడి ముందు రాయి నాటించి, దానికి పూజలు చేసేందుకు భూమి దానమిచ్చారు. కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ ఆ రాయి మీద నేటికీ కనిపిస్తుంది. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

గమనించాల్సిన విషయమేమిటంటే, శాసనం కాళి రంగు గురించో ఎత్తు గురించో గొప్పలు పోలేదు. అది చేసిన పని చెప్పింది. వెయ్యేళ్లు దాటినా కుక్కను గుర్తుపెట్టుకోవడానికి ఆ ఒక్క ముక్క సరిపోయింది.

వజ్రాల దారిలో...

కొత్తచెరువు మందల్లో కుక్కకు పేరున్న జాతి లేదు. పేరు తెచ్చుకున్న జాతిని చూడాలంటే ఉత్తరంగా వెళ్లాలి. ధర్మవరం, అనంతపురం దాటి గుత్తి కోటను పలకరించి పత్తికొండ దారి పట్టాలి. గుత్తి నుంచి వెళ్తుంటే ఎర్రగుడి వస్తుంది. 1929లో అశోకుడి శాసనాలు వెలుగు చూసిన బండలు అక్కడివే. మనుషులకే కాదు, పశువులకూ వైద్యం అందించాలని చెప్పిన రాజశాసనం తెలుగునేల మీద ఆ రాళ్లపైనే ఉంది. తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతూ కనిపించేది కూడా ఈ చుట్టుపక్కలే. టమోటా మార్కెట్‌కు పేరుపడ్డ పత్తికొండ మండలంలోదే పందికోన.

రెండు ఊళ్లనూ కలిపే మరో దారి కూడా ఉంది. అది నీటి దారి. కృష్ణా జలాలను సీమకు తెచ్చే హంద్రీనీవా పథకంలో పందికోన దగ్గర ఒక రిజర్వాయర్ ఉంది. అదే పథకం రెండో దశలో కొత్తచెరువుకు దగ్గర్లోని బుక్కపట్నం వైపు మారాల రిజర్వాయర్ కట్టారు. నీళ్లు ఇటీవల వచ్చాయి గానీ, కరవూ, గొర్రెలూ, కుక్కలూ రెండుచోట్లా ఏనాటి నుంచో ఒక్కటే.

పందికోన కుక్క మధ్యస్థమైన ఎత్తు. పొట్టి బొచ్చు. గట్టి ఒళ్లు. ఒకే రంగు అని లేదు. చూడగానే అబ్బురపడేంత అందమేమీ ఉండదు. కొత్తవాళ్లకు ఊరకుక్కకూ దీనికీ తేడా తెలియదు. తేడా తెలిసేది చీకటి పడ్డాకే. ఇంటికో, కళ్లానికో, మందకో హద్దు గీసుకుని, ఆ హద్దులో కొత్త మనిషిని అడుగు పెట్టనివ్వదు. అడవిపందులు చేను మీద పడితే తరిమికొడుతుంది. చిరుతకు కూడా వెరవదని ఊరివాళ్లు గర్వంగా చెబుతారు. ప్రత్యేకమైన తిండి అక్కర్లేదు, ఏసీ గది అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన సంగటి, ఎండలో చెట్టు నీడ చాలు.

పేరులోనే పందీ కోనా రెండూ ఉన్న ఊరు అది. అలాంటి చోట పిరికి కుక్కను పెట్టుకుని ఎవరూ మేపలేరు. కాబట్టి ధైర్యమున్నవే మిగిలాయి, వాటి పిల్లలే పెరిగాయి. ఎవరో రాజుగారు ప్రత్యేకంగా పెంచనక్కర్లేకుండానే ఊరి అవసరమే ఒక జాతిని తయారు చేసింది. కోస్తాలో కొల్లేరు దగ్గర బాతుల మందలను కాసే జోనంగి కుక్కదీ ఇదే కథ. అక్కడ నీళ్లు, బాతులు. ఇక్కడ రాళ్లు, గొర్రెలు. పనిని బట్టి కుక్క.

పేరొచ్చాకే చిక్కొచ్చి పడింది. పత్రికల్లో, టీవీల్లో కథనాలు వచ్చాయి. ఫామ్‌హౌస్‌లకూ తోటలకూ కాపలాకని పిల్లలను కొనుక్కెళ్లేవారు బయల్దేరారు. మరోపక్క పట్నం నుంచి వచ్చిన విదేశీ జాతి కుక్కలతో కలిసిపోయి సంకరమవుతున్నాయి. పందికోన పిల్లను వేరే ఊరికి తీసుకెళితే ఆ వాడి ఉండదని, అది ఆ ఊరి నీళ్ల మహిమ అని స్థానికులు నమ్ముతారు. నీళ్ల సంగతేమో గానీ అందులో ఒక నిజముంది. గేటుకు గొలుసుతో కట్టేసిన కుక్కకు చూపించడానికి పనేముంటుంది?

పాలవాడి దగ్గర కొన్న కుక్క

పేరొచ్చిన పని కుక్కకు తర్వాత ఏం జరుగుతుంది? దీనికి ఇంగ్లండులో రెండు వందల ఏళ్ల అనుభవం ఉంది. అక్కడి ‘టెర్రియర్’ కుక్కల పేరుకు మూలం లాటిన్‌లో భూమి అని అర్థమిచ్చే ‘టెర్రా’. వేటలో నక్క కన్నంలోకి దూరిపోతే వెనకాలే దూరి, దాన్ని అరిచి బయటకు తరమడం ఈ బుల్లి కుక్కల పని.

1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న జాన్ రస్సెల్ అనే యువకుడు ఒక పాలవాడి దగ్గర కుక్కను చూసి మనసు పారేసుకున్నాడు. తెల్లటి ఒళ్లు, కళ్ల మీదా చెవుల మీదా గోధుమ రంగు మచ్చలు. పేరు ‘ట్రంప్’. అక్కడికక్కడే కొనేశాడు. తర్వాత చర్చి ఫాదరీ అయ్యాడు గానీ వేట పిచ్చి వదల్లేదు. ట్రంప్‌తో మొదలుపెట్టి ఆయన పెంచిన వంశం పేరే నేడు ప్రపంచమంతా తెలిసిన జాక్ రస్సెల్ టెర్రియర్.

ఈ కుక్కలను ఎంచే పద్ధతి చిత్రంగా ఉంటుంది. న్యాయనిర్ణేత కుక్క ముందుకాళ్ల వెనక ఛాతీని రెండు అరచేతులతో చుట్టి పట్టుకుంటాడు. బొటనవేళ్లూ, మిగతా వేళ్లూ కలవాలి. కలిస్తే ఆ ఛాతీ నక్క కన్నంలో పడుతుంది. కలవకపోతే ఎంత అందగత్తె అయినా బయటే నిలబడాలి. చేతులతో కొలిచేది అందాన్ని కాదు, పనికొస్తుందా లేదా అన్నదాన్ని!

1873లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. రస్సెల్ అందులో తొలి సభ్యుల్లో ఒకరు. 1874లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఫాక్స్ టెర్రియర్లకు ఆయనే న్యాయనిర్ణేత. కానీ తన సొంత కుక్కలను మాత్రం ప్రదర్శనకు దించలేదు. ఆయన భయమేంటో ఆ తర్వాతి తరాలకు అర్థమైంది. ప్రదర్శనల్లో గెలవడం కోసం పెంచిన ఫాక్స్ టెర్రియర్లకు తల పొడుగైంది, ఛాతీ లోతైంది, నిలబడే తీరు మారింది. కప్పులొచ్చాయి. నక్క కన్నం మాత్రం ఇరుకైపోయింది!

పని కుక్కలను నమ్ముకున్నవాళ్లు తమ వంశాలను ఆ ప్రదర్శనలకు దూరంగానే ఉంచారు. 1990లో పార్సన్ జాక్ రస్సెల్ పేరుతో కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఇస్తానంటే సంతోషించాల్సింది పోయి చాలామంది వ్యతిరేకించారు. అమెరికాలో 1976లో ఏర్పడిన జాక్ రస్సెల్ క్లబ్ ఇంకో అడుగు ముందుకేసింది. తల్లిదండ్రులు ఎంత గొప్పవైనా పుట్టగానే పిల్ల పేరు నమోదు చేయదు. ఏడాది నిండాలి, పశువైద్యుడు పరీక్షించాలి, కుక్క తనంతట తాను ప్రమాణాలకు సరితూగాలి. అప్పుడే పేరు పుస్తకంలోకెక్కుతుంది. వంశం గొప్పదైతే సరిపోదు, పుట్టిన బిడ్డ కూడా నిరూపించుకోవాలన్నమాట. కొత్తచెరువు కాపరి లెక్క కూడా అచ్చంగా ఇదే కదా!

పాలతెలుపు ఖరీదు

రూపం వెంట పడితే ఏం పోగొట్టుకుంటామో చూడ్డానికి ఇంగ్లండు దాకా వెళ్లక్కర్లేదు. తమిళనాడు విరుదునగర్ జిల్లా రాజపాళయం చాలు. శతాబ్దాల కిందట తెలుగునేల నుంచి వలస వెళ్లి, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే రాజుల ఊరు అది. వాళ్ల పేరుతో ముడిపడిన రాజపాళయం కుక్క దేశమంతా ప్రసిద్ధి. పాలతెలుపు ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, ఠీవి... 2005లో తపాలాశాఖ నాలుగు భారతీయ జాతి కుక్కల మీద స్టాంపులు వేస్తే వాటిలో రాజపాళయం ఒకటి.

మచ్చలేని తెలుపు కావాలని అందరూ అదే రంగును ఎంచుకుంటూ పోయారు. దాంతో పుట్టుకతోనే చెవుడున్న పిల్లలు ఆ జాతిలో పెద్ద సమస్యగా మారాయి. ఒంటి మీద రంగునిచ్చే కణాలకు లోపలి చెవిలోనూ పనుంటుంది. అవి లేకపోతే వినికిడి దెబ్బతింటుంది. డాల్మేషన్ లాంటి విదేశీ తెల్లజాతుల్లోనూ ఈ ఇబ్బంది ఉంది. కాపలా కుక్కకు చెవి లేకపోతే ఇంకేముంది? రెండో జామున తోడేలు అడుగు చప్పుడు వినాల్సిన చెవిని రంగుకు బలిపెట్టినట్టే.

మరోపక్క గుర్తింపు మేలు చేసిన ఉదాహరణలూ లేకపోలేదు. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ వేటకుక్కను అక్కడి సంస్థానాధీశులు ఘోర్పడేలు ఆదరించారు. తర్వాత ప్రభుత్వం తిమ్మాపూర్‌లో ఒక పరిశోధన కేంద్రమే నడిపింది. పేద కుటుంబాలు పిల్లలను పెంచి అమ్ముకుని ఆదాయం పొందే వీలు కలిగింది. హర్యానా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దేశంలో తొలిసారి నమోదు చేసిన కుక్క జాతులు మూడు... రాజపాళయం, చిప్పిపరై, ముధోల్. 2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని దేశీ కుక్కలను పెంచుకోమని కోరినప్పుడూ ఈ పేర్లే వినిపించాయి. ఆ తొలి మూడింటిలో తెలుగునేల కుక్క లేదు.

పనే పోతే పరీక్ష ఏదీ?

నమోదు కావాలా వద్దా అన్న చర్చ ఒకవైపు. అసలు పరీక్షా మైదానమే తరిగిపోతోందన్న బెంగ మరోవైపు. అనంత సీమలో మేత బీళ్లు వెనకటంత లేవు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. నంబులపూలకుంట వైపు మెట్టభూముల్లో సౌరఫలకాలు పరుచుకున్నాయి. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి వల్ల ఉద్యోగాలొచ్చాయి, కరెంటొచ్చింది, కాదనలేం. కానీ మందలు తిరిగే దారులు కుంచించుకుపోయాయి. కాపరి కొడుకు కంబళి కప్పుకోవడం లేదు, బెంగళూరు బస్సెక్కుతున్నాడు. రాత్రిపూట మంద కట్టకపోతే కుక్కకు రాత్రి పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏ తల్లి పిల్లలు మంచివో తేల్చేదెవరు?

వేట విషయంలో ఇప్పటికే అలా జరిగింది. ఒకప్పుడు పండగల పారువేటల్లో కుక్కల సత్తా తెలిసేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలును వేటాడినా నేరమే. అది మంచికే. తోడేలు కూడా ఈ సీమ గడ్డిమైదానాల సంపదే. దాన్ని చంపకుండా మందను కాపాడుకోవాలంటే మంచి కాపలా కుక్కే సరైన దారి. యూరప్, అమెరికాల్లో తోడేళ్లు తిరిగే చోట్ల పశువుల కాపరులు ఆ ఉద్దేశంతోనే కాపలా కుక్కలను పెంచుతున్నారు. అక్కడ ఖర్చుపెట్టి తెచ్చుకుంటున్నది మన మందల్లో ఉచితంగా ఉంది.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. మందల్లో మంచి కుక్కలేవో కాపరులను అడిగి రాసిపెట్టాలి. ఏ తల్లికి ఏ తండ్రితో పుట్టాయో ఒక నోటు పుస్తకంలో ఎక్కించినా చాలు. దగ్గరి రక్తాన్ని కలపకుండా ఒక ఊరి పిల్లను మరో ఊరికి ఇవ్వాలి. వలస దారులు ఒకప్పుడు చేసిన పనే అది. ఎత్తూ రంగూ కొలిచే ముందు ఆ కుక్క మందలో ఒక ఏడాది గడిపిందా అని అడగాలి. ఏటా రేబిస్ టీకా వేయించాలి. జులై 6న జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. డిస్టెంపర్ లాంటి జబ్బు ఒక్కసారి పాకితే పదేళ్ల ఎంపిక వారంలో తుడిచిపెట్టుకుపోతుంది. పశువులకు వైద్యం గురించి ఎర్రగుడి బండ మీద చెక్కించి రెండువేల ఏళ్లు దాటిపోయింది మరి!

కొనాలనుకునేవాళ్లూ ఒక మాట గుర్తుంచుకోవాలి. మూరెడు గొలుసుతో గేటుకు కట్టేయడానికైతే ఈ కుక్క వద్దు. తోటో, చేనో, నాలుగు జీవాలో ఉండి, తిరగడానికి చోటుంటేనే దాని గుణం దక్కుతుంది. అదృష్టవశాత్తూ పల్లెల్లో పనింకా మిగిలే ఉంది. అడవిపందులు వేరుశనగ చేలను తవ్విపోస్తున్నాయి. గొర్రెల దొంగతనాలు ఆగలేదు.

కొత్తచెరువు చేలో తెల్లవారింది. కాపరి వల కంచె విప్పాడు. గొర్రెలు దుమ్ము రేపుకుంటూ బీటివైపు కదిలాయి. ముసలి కుక్క మంద వెనకాల నెమ్మదిగా నడుస్తోంది. దాని పక్కనే నాలుగు నెలల పిల్ల... గొర్రె తోకలు చూసి గెంతబోయి, తల్లి గుర్రుమనగానే తగ్గింది. తగ్గి పక్కనే నడిచింది. కాపరి అది చూశాడు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం సంగటి ముద్దలో దాని వాటా మాత్రం కాస్త పెద్దదైంది.